చెవితో ఎంచుకునే సినిమా



శనివారం రాత్రి తొమ్మిదయ్యేసరికి మా ఇంటి గుమ్మం ముందు చెప్పులు పోగుపడతాయి. మేముండేది దక్షిణ ఢిల్లీలో, బేర్ సరాయ్‌లో. కాస్త దూరంలో ఐఐటీ, ఎదురుగా జేఎన్‌యూ పాత క్యాంపస్, నడుమ ఈ చిన్న ఊరు. సందుల నిండా జిరాక్సు దుకాణాలు, పాత పుస్తకాల కొట్లు, తాళ్లతో కట్టిపెట్టిన సివిల్స్ నోట్సు, ఒకదాని మీద ఒకటి లేచిన అద్దె గదులు. హిందీలో బేర్ అంటే రేగుపండు, సరాయ్ అంటే సత్రం. వచ్చిన కొత్తలో మా అమ్మ దీనికి రేగుపళ్ల సత్రం అని పేరు పెట్టుకుంది. ఫోన్లో చుట్టాలకు ఇప్పటికీ అలాగే చెబుతుంది.

ఈ సత్రంలో మన పిల్లలు బాగానే ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒకరు, సిరిసిల్ల నుంచి ఒకరు, తిరుపతి నుంచి ఇద్దరు, ఇలా. ఆరు రోజులు చదువుకుని, ఏడో రోజు రాత్రి మా ఇంటికొస్తారు. మా అమ్మ పులిహోర కోసం వస్తారు, మా గోడకున్న టీవీ కోసమూ వస్తారు. గదిలో ఫోను తెర మీద ఒంటరిగా సినిమా చూసీ చూసీ విసిగిన పిల్లలు వాళ్లు. పదిమందితో కలిసి నవ్వితే అదో ఊరట.

అయితే ఒకప్పుడు మా శనివారం ఎలా గడిచేదో చెబుతాను. రిమోటు చేతులు మారుతుంది. ఒకరు థ్రిల్లర్ అంటారు, ఒకరు కొరియా సిరీస్ అంటారు, మా అబ్బాయి సూపర్‌హీరో అంటాడు. బొమ్మల వరస కిందికి జరుగుతూనే ఉంటుంది. ఒకటి నొక్కుతాం, రెండు నిమిషాలు చూస్తాం, వెనక్కొస్తాం. తొమ్మిదింటికి మొదలైన వెతుకులాట పదింటికి కూడా తేలదు. పులిహోర చల్లారిపోతుంది, పిల్లలకు నిద్ర ముంచుకొస్తుంది. చివరికి ఎవరికీ ఇష్టం లేనిదేదో పెట్టుకుని సగంలో లేచిపోయేవాళ్లం.

దీనికి దారి చూపించింది మా అమ్మ. ఒక రాత్రి నేను ఇలాగే మీటలు నొక్కుతుంటే, వంటింట్లోంచి కేకేసింది. "ఒక్కదాంట్లోనయినా మాట విననియ్యవేమే! మాట వింటే కదా అది మన సినిమానో కాదో తెలిసేది!"

ఆవిడ అలా అనడంలో ఆశ్చర్యం లేదు. మా అమ్మది తెనాలి దగ్గర పల్లె. చిన్నతనంలో ఆవిడ చూసిన సినిమాలు తక్కువ, విన్న సినిమాలు ఎక్కువ. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది, చాలామంది శ్రోతలకు గుర్తుండే ఉంటుంది. మూడు గంటల సినిమాలోంచి మాటలు, పాటలు ఏరి, కత్తిరించి కుదించి వినిపించేవారు. 1957 నాటి మాయాబజార్, 1962 నాటి గుండమ్మ కథ మా అమ్మకు ముందు చెవిలోకే వచ్చాయి. సూర్యకాంతం గొంతు విని మొహం ఎలా ఉంటుందో ఊహించుకుందట. తరవాత తెర మీద చూస్తే, అనుకున్న మొహమే కనబడిందట. అలా పెరిగిన మనిషికి సినిమా అంటే ముందు మాట, ఆ తరవాతే బొమ్మ.

అప్పటినుంచి మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. వారం మధ్యలోనే ఒక కాగితం మీద మూడు పేర్లు రాసుకుంటాం. శనివారం వాటిలో ఒకటి మొదలుపెట్టి, మొదటి పది నిమిషాలు తెరకేసి పెద్దగా చూడకుండా వింటాం. కంచాలు సర్దుకుంటూ, నీళ్లు పోసుకుంటూ వింటాం. ఆ పది నిమిషాల్లో మాట్లాడుతున్న మనుషులు ఏ ఊరివాళ్లో, ఏ పని చేసుకునేవాళ్లో, ఒకరికొకరు ఏమవుతారో చెవికి తెలిసిపోవాలి. తెలిసిందా, కూర్చుంటాం. తెలియలేదా, రెండో పేరు. ఈ పద్ధతి వచ్చాక మా ఎంపిక చాలావరకు తప్పలేదు.

మీరు కూడా ప్రయత్నించి చూడండి. గత ఆరేడేళ్లలో వచ్చిన చిన్న తెలుగు సినిమాల్లో ఎంత తెలుగు ఉందో వింటే తెలుస్తుంది. 2020 నవంబరులో అమెజాన్ ప్రైమ్‌లో నేరుగా విడుదలైన మిడిల్ క్లాస్ మెలొడీస్ తీసుకోండి. వినోద్ అనంతోజు దర్శకుడు. గుంటూరులో హోటల్ పెట్టి బొంబాయి చట్నీతో పేరు తెచ్చుకోవాలనుకునే కుర్రాడి కథ. అందులో తండ్రి కొండలరావుగా గోపరాజు రమణ అరుస్తుంటే, మా అమ్మ చేతిలో గరిటె అలాగే పట్టుకుని హాల్లోకొచ్చి నిలబడిపోయింది. "అచ్చం మా పెదనాన్నేనే!" అంది. ఆ కోపంలో ప్రేమ ఎక్కడుందో తెలియాలంటే ఆ తెలుగు అలాగే పలకాలి. నాలుగు జిల్లాలకూ సరిపడేలా చదును చేసిన సినిమా భాషలో అయితే ఆ తండ్రి ఊరికే కోపిష్టిగా మిగిలిపోయేవాడు.

బలగం చూసిన రాత్రి ఇంకా గుర్తుంది. 2023 మార్చి 3న థియేటర్లకు వచ్చింది, మూడు వారాలకే ఇంటికి వచ్చేసింది. వేణు యెల్దండి దర్శకత్వం. కొమురయ్య అనే పెద్దాయన పోతాడు. దినాల్లో పెట్టిన ముద్దను పిట్ట ముట్టదు. ఎందుకు ముట్టలేదని ఇంట్లోవాళ్లంతా ఒకరినొకరు తిట్టుకుంటారు, పాత పగలన్నీ బయటపడతాయి. కథ చాలావరకు ఆ దినాల పదకొండు రోజుల్లోనే. మా సిరిసిల్ల పిల్లవాడు ఆ రాత్రి అస్సలు మాట్లాడలేదు. మామూలుగా అందరికంటే ముందు నవ్వేవాడు వాడే. మా అమ్మ "పిట్ట ముట్టుడు అంటే ఏంట్రా?" అని అడిగితే, "మా దిక్కు గట్లనే అంటరమ్మమ్మా, మీరు కాకికి పెడ్తరు గదా, గదే" అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల తాత పోయినప్పుడు పరీక్ష ఉందని వెళ్లలేకపోయాడట. ఆ సంగతి మాకెవరికీ అప్పటిదాకా తెలియదు.

ఆ సినిమా ఇంటి తెరకు వచ్చాక కూడా తెలంగాణ పల్లెల్లో జనం బయట తెర కట్టుకుని ఊరంతా కూర్చుని చూశారు. ఫోనులో దొరుకుతున్నదాన్ని మళ్లీ నలుగురి మధ్య చూడాలనుకోవడం నాకెంతో నచ్చింది. అందులో ఊరు పల్లెటూరు పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ పురస్కారం ప్రకటించారు.

మా శ్రీకాకుళం అబ్బాయికి చాలాకాలం ఒక వెలితి ఉండేది. ఉత్తరాంధ్ర మాట సినిమాలో వినిపిస్తే అది నవ్వించేవాళ్లకో, పనివాళ్లకో ఉండేదని బాధపడేవాడు. 2020లో వచ్చిన పలాస 1978 వాడికి ఆ వెలితి కొంత తీర్చింది. కరుణ కుమార్ తీసిన సినిమా. కులం కింద నలిగిన అన్నదమ్ములే అందులో నాయకులు, వాళ్ల మాటే కథను నడిపిస్తుంది. 2025లో తండేల్ వచ్చింది, పాకిస్తాన్ జైల్లో చిక్కుకున్న శ్రీకాకుళం మత్స్యకారుల నిజజీవితం ఆధారంగా తీసింది. రెండూ చూశాక వాడినే అడిగాను, ఏది బాగుందని. "తండేల్‌లో హీరో మా యాస కష్టపడి నేర్చుకున్నాడక్కా, కాదనను. కానీ పలాసలో ఎనక నిలబడినోడు కూడా మా ఊరోడే" అన్నాడు. నాకూ అదే సరైన కొలత అనిపించింది. ప్రధాన పాత్రధారికి యాస నేర్పడం ఒకటి, కథలో ఉన్నవాళ్లందరూ ఆ నేల మీద నిలబడటం ఇంకొకటి. వెంకటేశ్ మహా 2018లో కేరాఫ్ కంచరపాలెం తీసినప్పుడు, విశాఖలోని ఆ పేట జనాన్నే ఎనభై మందికి పైగా తీసుకుని నటింపజేశాడు. అందుకే అది ఇన్నేళ్లయినా ఇప్పుడే ఎవరో పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

ఇక్కడ ఢిల్లీవాళ్లకు ఒక చిన్న సంగతి చెప్పాలి. మన పెద్ద హీరోల సినిమాలు ఇక్కడి మల్టీప్లెక్సుల్లో ఒకటి రెండు ఆటలైనా పడతాయి. చిన్న సినిమాలకు చాలాసార్లు ఆ అదృష్టం లేదు. కాబట్టి మాకు ఇంటి తెరే విడుదల. హిందీ సినిమాకైతే థియేటరుకూ ఓటీటీకీ మధ్య ఎనిమిది వారాలు ఉండాలని దేశమంతా ఉన్న మల్టీప్లెక్సు సంస్థలు పట్టుబడతాయి. తెలుగు సినిమా ఒక్కోసారి నాలుగు వారాల్లోనే వచ్చేస్తుంది. 2025 మార్చి 14న విడుదలైన కోర్ట్ ఏప్రిల్ 11కల్లా నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. అందుకని ఊళ్లో ఎవరైనా ఫలానా సినిమా బాగుందని చెప్పిన రోజే మా కాగితం మీద పేరు రాసేస్తాను. నెల తిరిగేసరికి ఇంటికొచ్చేస్తుంది. అన్ని యాప్‌లకూ ఒకేసారి చందా కట్టే పని కూడా పెట్టుకోను. కాగితం మీద పేర్లు ఏ యాప్‌లో ఎక్కువ ఉంటే ఆ నెల దానికే.

మా ఆయన చిన్నతనం ఇదే ఢిల్లీలో, ఆర్.కె.పురం సర్కారు క్వార్టర్లలో గడిచింది. అప్పుడు ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ఒక ప్రాంతీయ భాషా చిత్రం వేసేవారు. ఈ ఆదివారం తెలుగు అని తెలిస్తే వాళ్లమ్మ పొద్దున్నే వంట ముగించేసి, పక్క బ్లాకుల తెలుగువాళ్లను కూడా పిలిచేదట. ఏ సినిమా అన్న ప్రశ్నే లేదు. తెలుగు వినబడితే చాలు. ఆ ఆకలి గురించి ఆయన చెబుతుంటే, మీట నొక్కితే వంద సినిమాలు దొరికే ఈ రోజుల్లో నేను విసుక్కోవడం తప్పనిపిస్తుంది.

చెవితో ఎంచుకోవాలంటే ముందు యాప్ మన చెవికి సరైన గొంతు ఇవ్వాలి. ఖాతా భాష హిందీ అయితే, తెలుగు సినిమా నొక్కినా కొన్నిసార్లు హిందీ డబ్బింగ్‌లో మొదలవుతుంది. మా ఇంటికి వచ్చిన ఒక స్నేహితురాలు ఇలా అరగంట హిందీలో చూసి, సినిమా అతకలేదంది. తెలుగులోకి మార్చి మళ్లీ మొదటినుంచి పెడితే పూర్తయ్యేదాకా కదల్లేదు. ఆడియో అని ఉన్నచోట నొక్కి, అసలు భాష ఏదో చూసుకోవాలి. అక్కడే స్టీరియో, 5.1 అని కూడా ఉంటాయి. గోడకున్న టీవీ స్పీకర్లు చిన్నవి, చాలావాటికి కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అలాంటి టీవీకి 5.1 ఇస్తే సంగీతం హోరెత్తుతుంది, మాట గుసగుసలా వస్తుంది. పెద్దవాళ్లు వినబడక మౌనంగా కూర్చుంటారు, అడగడానికి మొహమాటపడతారు. స్టీరియోకి మార్చండి. మా అమ్మకు సగం సినిమాలు నచ్చకపోవడానికి కారణం ఇదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అన్నాళ్లూ ఆవిడకు ఆసక్తి తగ్గిందనుకున్నాను. ఆ విషయం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మరి పరభాషా చిత్రాలు? మలయాళం సినిమాలు మా పిల్లలకు ప్రాణం. మా అమ్మకు తెర కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదవడం రాదు, మా అబ్బాయి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవాలి. అందరూ కూర్చున్నప్పుడు తెలుగు డబ్బింగ్ పెట్టడం తప్పు కాదని నేను ఒప్పుకుంటాను. ఒక్కోసారి డబ్బింగ్ అక్కర్లేదు కూడా. 2021 జనవరిలో నీస్ట్రీమ్ అనే చిన్న మలయాళ వేదిక మీద ది గ్రేట్ ఇండియన్ కిచెన్ వచ్చింది. జియో బేబీ దర్శకుడు. నిమిషా సజయన్ కొత్త కోడలు. దాన్ని నేను మలయాళంలోనే చూస్తున్నాను, అమ్మ పక్కన కూర్చుంది. నేపథ్య సంగీతం దాదాపు లేదు. కూర తరుగుతున్న చప్పుడు, తిరగమోత చిటపటలు, అంట్లు తోముతున్న గరగర, తూములోంచి కారుతున్న నీళ్లు. మళ్లీ తరగడం, మళ్లీ తోమడం. అమ్మకు ఒక్క మాట అర్థం కాలేదు. గంట గడిచాక మెల్లిగా అంది, "ఈ పిల్లకు వంటింటి చప్పుళ్లు తప్ప ఇంకేం వినపడ్డం లేదు కదే." ఆ సినిమా మీద నేను చదివినవాటన్నిటికంటే ఆ మాట గొప్పగా అనిపించింది నాకు. ఆ రాత్రి ఆవిడ, మా నాన్న పోయిన తరవాత మొదటిసారి, కొత్త కోడలిగా తను పడ్డ కష్టాల గురించి చెప్పింది. మేమిద్దరం పన్నెండింటిదాకా మేలుకున్నాం.

కథను ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తెచ్చుకోవడంలో కూడా చెవి పనిచేస్తుంది. ఇడుక్కి కొండల్లో జరిగే మహేషింటె ప్రతికారం అన్న 2016 నాటి మలయాళ సినిమాను వెంకటేశ్ మహా అరకుకు తెచ్చి, 2020లో ఉమామహేశ్వర ఉగ్రరూపస్యగా తీశాడు. కొండ మారింది, మాట మారింది, కథ నిలబడింది. సిరీసుల్లో పంచాయత్ అలాగే తెలుగులోకి వచ్చింది. హిందీలో 2020 ఏప్రిల్‌లో మొదలైన ఆ కథను 2025 జనవరిలో సివరపల్లి పేరుతో తెలంగాణ పల్లెలో పెట్టారు. మా ఇంట్లో రెండూ చూశాం. నా ఓటు హిందీదానికే. ఉత్తరప్రదేశ్ పల్లెటూరి సర్పంచి భర్త పెత్తనం, ఆ తాపీ, ఆ మాటల నడుమ నిశ్శబ్దం అక్కడి నేలలోంచి పుట్టినవి. మా సిరిసిల్ల అబ్బాయి మాత్రం ఒప్పుకోడు. సివరపల్లిలో వాడికి తన ఊరి పంచాయతీ ఆఫీసు కనబడింది. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

సిరీసు గురించి ఒక మాట. పరీక్ష ముందున్న పిల్లలకు సిరీసు పెట్టేముందు ఎన్ని భాగాలో లెక్క చూస్తాను. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన 90స్ ఆరు భాగాలతో అయిపోతుంది. మధ్యతరగతి లెక్కల మాస్టారి ఇల్లు, ముగ్గురు పిల్లలు. అంత చిన్నదైతే పండగ సెలవుల్లో చక్కగా సరిపోతుంది. ఎనిమిది భాగాలు, నాలుగు సీజన్లు ఉన్నవి పరీక్ష అయ్యాకే.

వయసు గుర్తు చూడటం కూడా తప్పనిసరి. ఒకసారి నేను చూడలేదు. తెలిసిన నటులున్నారు కదా అని ఒక సిరీసు పెట్టాను. ఐదు నిమిషాలకే బూతులు. గదిలో మా అమ్మ, మా అబ్బాయి, పరాయి ఆడపిల్లలు. రిమోటు కోసం సోఫా కింద వెతుకుతుంటే ఆ అర నిమిషం నాకు యుగంలా గడిచింది. 2021 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇంటి తెరకు వచ్చే ప్రతిదానికీ యు, యు/ఎ 7+, 13+, 16+, ఎ అని ఐదు తరగతుల్లో ఒకటి వేయాలి, ఎందుకు వేశారో కూడా చెప్పాలి. 13+ నుంచి పైవాటికి తాళం వేసుకునే వీలు ఉండాలి. మా అబ్బాయి ఖాతాకు ఆ మర్నాడే తాళం వేశాను. వాడితో కలిసి చూసినవాటిలో నాకు బాగా ఇష్టమైనది 2024లో వచ్చిన 35 అనే సినిమా. నందకిశోర్ ఈమాని తీసిన తిరుపతి కథ. లెక్కల్లో సున్నా విలువ ఏమిటో అర్థంకాక మాస్టారిని ప్రశ్నలడిగే పిల్లవాడు, చదువు ఆగిపోయిన అమ్మ. సినిమా అయ్యాక మావాడు తన లెక్కల పుస్తకం తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిరుపతి పిల్లలిద్దరూ ఆ రాత్రి వాడికి భిన్నాలు చెప్పారు.

పోయిన శనివారం ఏం చూశామో చెప్పి ముగిస్తాను. కాగితం మీద మూడు పేర్లున్నాయి. కొత్తగా ఒక అమ్మాయి వచ్చింది, జేఎన్‌యూలో పరిశోధన చేస్తోంది. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. ముత్తాతల కాలంలో బెంగాల్ నాగపూర్ రైల్వే పనికి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబం. అలాంటి తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ పిల్ల తెలుగులో బెంగాలీ తగులుతుంది, హిందీ తగులుతుంది. అందుకని మా మధ్య మాట్లాడటానికి సిగ్గుపడుతోంది. నేను మా పద్ధతి వివరించి, "నీ తెలుగు వినిపించే సినిమా ఏదమ్మా? ఇవాళ అదే పెడదాం" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "మా తెలుగులో సినిమా ఎవరూ తియ్యలేదక్కా" అంది.

గది నిశ్శబ్దమైపోయింది. మా అమ్మే అడిగింది, "మీ ఇంట్లో ఎవరు బాగా మాట్లాడతారే?" అని. నానమ్మ అని చెప్పింది. ఫోనులో ఆవిడ పంపే మాటల సందేశాలు ఉన్నాయంది. ఆ ఫోనును మా టీవీకి కలిపాం. తెర మీద ఏ బొమ్మా లేదు. వయసుమళ్లిన గొంతు ఒకటి గదంతా నిండింది. వానకు గోడ తడిసిందని, పక్కింటి మేక మందారం తినేసిందని, ఢిల్లీ చలికి చెవులు కప్పుకోమని చెబుతోంది. సందేశం చివర "బేగి రాయే గుంటా" అంది.

మా శ్రీకాకుళం అబ్బాయి కంచం కింద పెట్టేశాడు. "మా అవ్వ కూడా ఇలాగే అంటాది" అన్నాడు. "మళ్లీ ఎయ్యండి."

మళ్లీ వేశాం. ఆ రాత్రి కాగితం మీద మూడు పేర్లూ అలాగే ఉండిపోయాయి.